కూలర్‌లో మిగిలిన ఎండాకాలం

పోయిన సెప్టెంబర్ చివరి వారం, మధ్యాహ్నం రెండున్నర. తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా కాంపస్ వైపు నడుస్తున్నాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఫోన్ టింగుమంటే తీసి చూశాను. ఏదో హెల్త్ యాప్. ఎండలు పోయాయి, ఆకులు రాలే కాలం వచ్చేసింది, ఇక మీ ఆరోగ్యపు అలవాట్లు కూడా మార్చుకోండి అని సందేశం. దాని పక్కన ఎర్రటి మేపుల్ ఆకుల బొమ్మ.

చుట్టూ చూశాను. మూడు నెలల వాన తాగిన వేపలూ కానుగలూ నల్లబడేంత పచ్చగా ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క ఆకు రాలడం లేదు. మన దగ్గర ఆకులు రాలేది శివరాత్రికి అటూ ఇటూగా కదా.

సందేశం నొక్కితే పెద్ద జాబితా. పగళ్లు కురచబడతాయి కాబట్టి డి విటమిన్ చూసుకోండి. బయట చలి కాబట్టి వ్యాయామం ఇంట్లోకి మార్చుకోండి. గుమ్మడికాయ సూప్ తాగండి. త్వరగా పడుకోండి. బోస్టన్‌లో ఉన్నవాళ్లకి ఇది పనికొచ్చే సలహానే. అక్కడ జూన్‌లో పగలు 15 గంటల పైన ఉంటుంది, డిసెంబర్‌కి 9 గంటలకి పడిపోతుంది. అంటే 6 గంటల వెలుతురు మాయం. హైదరాబాద్‌లో జూన్ పగలు 13 గంటలు, డిసెంబర్ పగలు 11 గంటలు. తేడా రెండు గంటలే. ఆ రెండు గంటలకి దిగులుపడే తీరిక తార్నాకలో ఎవరికీ ఉన్నట్టు లేదు.

నవ్వుకుని వదిలేయాల్సిన విషయమే. నేనూ వదిలేసేవాణ్ణి, సరిగ్గా ఆ వారమే మా రూమ్మేట్ సెలైన్ ఎక్కించుకుంటూ మంచం మీద లేకపోతే.

*

అతని గురించి చెప్తాను. పేరు వద్దు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చాడు, పోటీ పరీక్షలకి చదువుతున్నాడు. మా పీజీ మొత్తానికి ఆరోగ్యం విషయంలో అతనే గురువు. పొద్దున ఐదింటికి లేచి ఆర్ట్స్ కాలేజీ దాకా పరుగెత్తి వచ్చేవాడు. రాత్రి నానబెట్టిన బాదం, రాగి జావ, రాగి చెంబులో నీళ్లు. టీ మానేశాడు. చక్కెర మానేశాడు. ఫోన్‌లో 140 రోజుల స్ట్రీక్. రాత్రి పన్నెండింటికి చౌరస్తాలో ఆమ్లెట్ తినొచ్చే నన్ను చూసి జాలిపడేవాడు: "అన్నా, నువ్ ముప్పై ఐదేళ్లకే పోతవ్."

డెంగ్యూ వచ్చింది అతనికి. ఆమ్లెట్ వాడికి రాలేదు.

మూడో రోజు జ్వరం తగ్గింది. తగ్గింది కదా అని చదువుకోడానికి కూర్చున్నాడు. నాలుగో రోజు కడుపునొప్పి, ఆగని వాంతులు. డెంగ్యూలో అసలు ప్రమాదం ఆ జ్వరం తగ్గే రోజుల్లోనే అని మాకు అప్పుడే తెలిసింది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారడం మొదలవుతుంది. ఆ ఒకటి రెండు రోజులు గడవడమే గండం. ఒంటినొప్పులకని ఎవరో ఇచ్చిన బ్రూఫెన్ బిళ్ల వేసుకున్నాడు. అది వేసుకోకూడదట, రక్తస్రావం పెరుగుతుందట. పారాసిటమాల్ ఒక్కటే వాడాలట. ఇన్ని అలవాట్లు నేర్పిన యాప్ ఈ రెండు ముక్కలు మాత్రం చెప్పలేదు. సెలైన్ ఎక్కుతున్న సాయంత్రం దాని దగ్గర్నుంచి ఒక కబురు మాత్రం వచ్చింది. అయ్యో, మీ స్ట్రీక్ తెగిపోయింది!

చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి అడిగారు. వాళ్ల నాన్న రాత్రి బస్సెక్కి వచ్చి మంచం పక్కన కూర్చుని అడిగాడు: "హాస్టల్ తిండి పడలేదా బిడ్డా?" పక్క మంచం ఆయన: "బయట తిన్నవా తమ్మీ?" మా ఓనర్ అంకుల్ ఫోన్‌లో: "రాత్రిళ్లు నిద్ర లేకుండ చదువుతుండె, గందుకే." కోచింగ్ మిత్రుడు: "మరీ పల్చగా అయిపోయావురా, ప్రోటీన్ తక్కువైంది." బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చిన పిన్ని: "ఇమ్యూనిటీ లేదు ఈ కాలం పిల్లలకి."

ఇన్ని ప్రశ్నల్లో ఒక్కటి కూడా దోమ గురించి కాదు. అందరూ అతను ఏం తిన్నాడు, ఎప్పుడు పడుకున్నాడు, ఎలా బతికాడు అనే అడిగారు. జబ్బుపడ్డవాడు ముందు తన అలవాట్లకి లెక్క చెప్పాలి. అతను కూడా అదే నమ్మాడు. మంచం మీద నుంచి నన్ను చూస్తూ తప్పు చేసినవాడిలా అన్నాడు: "నేన్ అన్నీ కరెక్టుగనే చేసినగదన్నా."

అన్నీ కరెక్టుగానే చేశాడు. పీజీ వాళ్ల కూలర్లు మాత్రం ఎవరూ దించలేదు.

*

మా ఫ్లోర్‌లో ఆరు కిటికీలున్నాయి. ఆరింటికీ బయట ఇనప స్టాండ్ల మీద ఆరు కూలర్లు. మార్చిలో పెడతారు, జూన్‌లో ఆపేస్తారు. ఆపేస్తారంటే స్విచ్ ఆపేస్తారంతే. అడుగున నీళ్లు అలాగే ఉంటాయి, పైన గడ్డి అలాగే ఉంటుంది. జూన్‌లో పాత కుర్రాళ్లు ఖాళీ చేసి పోతారు, జులైలో కొత్తవాళ్లు దిగుతారు. కూలర్ ఎవరిదీ కాదు. వానొచ్చినప్పుడల్లా ట్రే నిండుతుంది. మా రూమ్మేట్ బల్ల వేసుకుని పొద్దంతా చదివేది సరిగ్గా ఆ కిటికీ పక్కనే.

ఈడిస్ దోమ కథ స్కూల్ పుస్తకంలో చదివే ఉంటారు, అయినా ఒక్కసారి గుర్తు చేసుకుందాం. నల్ల ఒంటి మీద తెల్ల చారలు. మురుగులో పెట్టదు, కాస్త శుభ్రంగా ఉన్న నిలవ నీళ్లు కావాలి దానికి. గుడ్లు నీళ్లలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన గోడకి అంటిస్తుంది. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు నెలల తరబడి ఎండిపోయి అలాగే బతికుంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. పగలే కుడుతుంది. ఎక్కువ దూరం ఎగరదు, పుట్టిన చోటికి ఒకటి రెండు వందల మీటర్ల లోపే దాని సంసారమంతా.

ఇంతే విషయం. ఎండాకాలం వెళ్లి శరత్తు వచ్చేటప్పుడు హైదరాబాద్‌లో మార్చుకోవాల్సిన మొదటి అలవాటు ఏంటంటే, కూలర్ దించి, నీళ్లు పారబోసి, ట్రే గోడల్ని బ్రష్షుతో గట్టిగా రుద్ది కడగడం. గుమ్మడి సూప్ తర్వాత.

ఇక్కడ "అలవాటు" అనే మాట కాలు విరుగుతుంది చూడండి. నేను నా కూలర్ కడిగాను అనుకుందాం. పక్క కిటికీలోది కడగలేదు. ఎదురు బిల్డింగ్ మూడో అంతస్తులో ఖాళీ గదిది ఎవరూ కడగలేదు. సందు చివర కడుతున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. రెండు వందల మీటర్ల లోపల ఇంకో అరవై కూలర్లు, ఇరవై మూతల్లేని సంపులు, టైర్లు, పగిలిన కుండీలు. దోమకి నా స్ట్రీక్‌తో పనేంటి? నా ఒంటి ఆరోగ్యం నా చేతిలో లేదు, మూడిళ్ల అవతల నేనెప్పుడూ చూడని మనిషి కిటికీలో ఉంది.

అందుకే ఈ "సీజన్ మారింది, మీరూ మారండి" సాహిత్యం మొత్తం మీద నాకు కోపం. అందులో అబద్ధం ఉందని కాదు. నిద్రపోండి, నడవండి, ఆకుకూరలు తినండి అంటే ఎవరు కాదంటారు? సగం నిజాన్ని మొత్తం నిజంగా అమ్ముతోందని కోపం. ఋతువు ఊరందరి మీదా ఒకేసారి వస్తుంది. దాన్ని ఎదుర్కొనే పనిని మాత్రం ముక్కలు ముక్కలు చేసి ఒక్కొక్కరి నెత్తిన పెట్టి, ఓడిపోయినవాణ్ణి నీ క్రమశిక్షణ చాల్లేదు అంటోందని కోపం.

*

"యాప్ సరే, అది అమెరికా వాళ్లది. మనకి మన ఋతుచర్య ఉంది కదా" అని ఈపాటికి ఒకరైనా అని ఉంటారు. ఉంది. అదీ చూద్దాం.

వాగ్భటుడి అష్టాంగహృదయంలో సూత్రస్థానం మూడో అధ్యాయం పేరే ఋతుచర్య. మేపుల్ ఆకుల యాప్ కంటే వెయ్యి రెట్లు నయం. ఎందుకంటే ఈ నేల మీది ఎండావానా చూసినవాళ్లు రాసింది. వర్షాకాలంలో పోగైన పిత్తం శరత్తు ఎండకి ఒక్కసారిగా రేగుతుంది అంటుంది. వాన వెలిశాక కాసే ఆ చురుకు ఎండ తార్నాకలో నడిచే ఎవరికైనా అర్థమవుతుంది. ఒక ఋతువులో చివరి వారం, రాబోయే ఋతువులో మొదటి వారం కలిపి ఋతుసంధి అంటుంది. ఆ పద్నాలుగు రోజుల్లో పాత అలవాట్లు మెల్లగా వదిలి కొత్తవి మెల్లగా పట్టుకోమంటుంది. ఒక్క రోజులో మార్చేస్తే జబ్బుపడతారని హెచ్చరిస్తుంది. ఎంత తెలివైన మాట!

శరత్తంటే వాళ్లకి ఎంత భయమో కూడా ఆ పాత మాటల్లోనే తెలుస్తుంది. శరత్తునీ వసంతాన్నీ యముడి కోరలతో పోల్చారు. వైద్యుడికి శరదృతువు కన్నతల్లి లాంటిదని సంస్కృతంలో ఒక ఎకసెక్కం కూడా ఉంది. జబ్బులు పుట్టించి పోషిస్తుందని. వేదంలో ఆశీర్వాదం నూరేళ్లు బతకమని నూరు శరత్తుల లెక్కన ఉంటుంది. నూరు శరత్తులు దాటావంటే నూరేళ్లు బతికినట్టే అని నేను చదువుకుంటాను.

సరే, మరి అదే అధ్యాయంలో శరత్తులో సాయంత్రం ఎలా గడపమన్నాడు? గంధం పూసుకుని, ముత్యాల హారాలు వేసుకుని, సున్నం కొట్టిన తెల్లటి మేడ మీద కూర్చుని వెన్నెల అనుభవించమన్నాడు. పగటినిద్ర వద్దు, మెక్కి తినొద్దు, ఎండలో తిరగొద్దు అన్నాడు. ఎండలో తిరగొద్దని ఎవరికి చెప్పగలం? ఎండలో తిరగకపోతే పూట గడవనివాడికి చెప్పలేం. తార్నాక మెట్రో కింద బండి ఆపుకుని ఆర్డర్ కోసం ఎదురుచూసే డెలివరీ కుర్రాడికి చెప్పలేం. కాంపస్‌ని ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్ నుంచి తెల్లారకముందే నాలుగిళ్ల పనికి బయల్దేరే మనిషికి చెప్పలేం. అప్పటి సలహాకి ఒక మేడ ఉంది. ఇప్పటి సలహాకి ఒక బాల్కనీ ఉంది. రెండూ తన సమయం తన చేతిలో ఉన్నవాడితోనే మాట్లాడుతున్నాయి.

*

ఇప్పుడు తార్నాక గురించి చెప్పాలి. ఈ వాదనకి సాక్ష్యాలన్నీ నేను రోజూ నడిచే దారిలోనే ఉన్నాయి.

తార్నాక నుంచి కాంపస్‌కి వెళ్లే రోడ్డు మీద జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్.ఐ.ఎన్. అది మొదలైంది 1918లో, నీలగిరుల్లోని కూనూర్‌లో, బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒక చిన్న గదిలో. ఉస్మానియా పుట్టింది కూడా అదే ఏడాది. 1958లో ఆ సంస్థ హైదరాబాద్ వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఏం తినాలో దేశానికి చెప్పే చోటు అదే. 2024లో వాళ్లిచ్చిన 17 సూత్రాల ఆహార మార్గదర్శకాలు చదవండి, బాగుంటాయి. ఆ లెక్కన రోజుకి మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు. మా పీజీలో సాంబార్‌లో తేలే ములక్కాడ ముక్కల్ని వారం రోజులు పోగేసినా 400 గ్రాములు తూగవు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలుంటాయి కదా, అవే మాకు పళ్ల కోటా. అవీ డబ్బులున్న రోజున.

ఆ సంస్థ పాత కథ ఇంకొకటి ఉంది. 1960లో ఇక్కడి గోపాలన్, శ్రీకంఠయ్య పెల్లాగ్రా గురించి లాన్సెట్‌లో రాశారు. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగిలే జబ్బు అది, ముదిరితే మతి కూడా తప్పుతుంది. ఈ ప్రాంతంలో జొన్నలు తప్ప ఇంకేమీ దొరకని పేద కూలీల్లో కనిపించేది. జొన్నల్లో లూసిన్ ఎక్కువ కావడమే కారణమని వాళ్ల ప్రతిపాదన, దానిమీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. ఇప్పుడు అదే జొన్న "మిల్లెట్" అనే పేరుతో మెరిసే ప్యాకెట్లో, నాలుగింతల ధరకి, ఆరోగ్యకరమైన అలవాటుగా తిరిగొచ్చింది. జొన్నరొట్టె మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు. దాని పక్కన పప్పూ, పాలూ, గుడ్డూ, కూరా పెట్టుకోగలిగినవాడికి అది మంచిదే. పక్కన ఏమీ పెట్టుకోలేనివాడికి అదే జబ్బైంది. రొట్టె ఒకటే, కూలి రేటు వేరు.

మరి పిల్లల్లో రేచీకటి, ఎ విటమిన్ లేక వచ్చే గుడ్డితనం ఎలా తగ్గాయి? ఆకుకూరలు తినే అలవాటు చేసుకోండి అని పోస్టర్లు వేస్తే తగ్గలేదు. ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల ఎ విటమిన్ చెంచాతో పిల్లల నోట్లో పోసే కార్యక్రమం 1970లో దేశమంతా మొదలుపెట్టారు. దాని వెనకాల ఈ సంస్థ పరిశోధన ఉంది. ఇంటింటికీ మనిషి వెళ్లాలి, సీసా వెళ్లాలి, లెక్క రాయాలి. నేను రోజూ దాటి వెళ్లే ఆ గేటు లోపలి శాస్త్రం సాధించిన పెద్ద గెలుపుల్లో ఒకటి అలా వచ్చింది.

దోమ విషయంలో సాక్ష్యం ఇంకా దగ్గరిది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక అనాఫిలిస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న పరాన్నజీవి శాస్త్ర సంస్థ ఉస్మానియా యూనివర్సిటీదే. ఆ ప్రయోగం కోసం దోమల చేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. ఇప్పటి రోగి కంటే ఆయన పరిస్థితి మెరుగే. ఇప్పుడు కుట్టించుకున్నవాడే ఎదురు కట్టాలి, మా రూమ్మేట్ వాళ్ల నాన్న కట్టిన బిల్లు నేను చూశాను.

మరి రాస్ ఆ కనిపెట్టిన విషయంతో ఏం చేశాడు? రాత్రిపూట నిండు చేతుల చొక్కా వేసుకోండి అని చెప్పి ఊరుకోలేదు. 1902లో, నోబెల్ వచ్చిన ఏడాదే, ఒక చిన్న పుస్తకం అచ్చేశాడు. ఊళ్లల్లో దోమల దళాలు ఎలా ఏర్పాటు చెయ్యాలి అనేదే ఆ పుస్తకం. పనివాళ్లు, వాళ్లకి జీతాలు, వీధుల వారీగా బాధ్యత, గుంటలు పూడ్చడం, డబ్బాలు ఏరెయ్యడం. దోమ మున్సిపల్ సమస్య అని నూట ఇరవై ఏళ్ల కిందట తేల్చినవాడు మన ఊళ్లో పనిచేసినవాడే. మనం మాత్రం దాన్ని మళ్లీ ఇమ్యూనిటీ సమస్య చేసి పెట్టుకున్నాం.

శరత్తులో ఈ ఊరు చూసిన అతి పెద్ద ఘోరం 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద. వేల మంది పోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం జనానికి ఈత నేర్చుకోమని సలహా ఇవ్వలేదు. విశ్వేశ్వరయ్యని పిలిపించింది. 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ కట్టింది. రాజరికానికి తట్టిన సంగతి యాప్‌కి తట్టదు. తట్టినా అమ్ముకోడానికి అందులో ఏమీ లేదు.

*

నా వాదనకి ఎదురు రెండు మాటలున్నాయి. రెండూ న్యాయమైనవే.

మొదటిది: "అంటే మున్సిపాలిటీ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమంటావా?" వద్దు. సాయంత్రాలు ఫాగింగ్ బండి పొగ వదిలిపోతే పెద్ద దోమలు కొన్ని చస్తాయి, ట్రేలోని పిల్లలకి ఏమీ కాదు. మన పని మనం చెయ్యాల్సిందే. 2020లో ప్రతి ఆదివారం పది గంటలకి పది నిమిషాలు అని ఒక పిలుపు ఇచ్చారు, గుర్తుందా? ఆలోచన మంచిదే. ఒకే రోజు, ఒకే గంట, అందరూ. ఇల్లున్నవాళ్లు చేశారు. ఖాళీ గదులకీ, పీజీలకీ, సెల్లార్లకీ ఎవరు చెయ్యాలి అనేది ఆ పిలుపులో లేదు. మంత్రి కుండీ కడుగుతున్న ఫోటో ఉంది. అద్దె తీసుకునేవాడికి నోటీసు లేదు.

రెండోది: "మన పండగల్లోనే ఇవన్నీ ఉన్నాయి, మర్చిపోయాం అంతే." దీన్ని నేను కొంతవరకు ఒప్పుకుంటాను. తొమ్మిది రోజుల బతుకమ్మ అంటే తొమ్మిది సాయంత్రాలు ఆడవాళ్లు గుంపుగా బయటికొచ్చి చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరగడం, సద్దుల నాడు నువ్వులూ పల్లీలూ దంచిన పొడులు పంచుకోవడం. అట్లతద్దికి ఆడపిల్లలు తెల్లారకముందే లేచి తిని ఆడుకోవడం. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం. ఇవి ఒంటరి అలవాట్లు కావు, స్ట్రీక్ తెగే భయం వీటిలో లేదు. ఒకరు మర్చిపోతే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. ఋతువుని గుంపుగా ఎదుర్కోవడం అంటే ఏంటో వీటికి తెలుసు.

అయితే పొడులు దంచిన చేతులు ఎవరివి? కార్తీకం నెలంతా ఒంటిపూట తిని, నాలుగింటికి చన్నీళ్లు పోసుకుని, ఇంట్లో మిగతావాళ్లకి మూడు పూటలా వండిపెట్టింది ఎవరు? ఇక వనభోజనాలు చూడండి, నవంబర్ ఆదివారాల్లో ఏ తోటకెళ్లినా గేటు మీద కులం పేరుతో ఫ్లెక్సీ. ఉసిరి చెట్టు అందరికీ ఒకే నీడ ఇస్తుంది, బ్యానర్ ఇవ్వదు. బతుకమ్మని వదలాల్సిన చెరువులు ఎన్ని మిగిలాయో మీకే తెలుసు. కాబట్టి పండగల నుంచి తీసుకోవాల్సింది వాటి ఆకారం. ఒకే రోజు, ఒకే చోట, అందరూ. లోపల ఉన్న వెట్టినీ గోడల్నీ మోసుకురానక్కర్లేదు.

*

అందుకని, అలవాట్ల గురించి రాసేవాళ్లని, చదివేవాళ్లని నేను కోరేది ఇది. సలహాలో "మీరు" అని ఉన్న ప్రతిచోటా ఆగి, ఆ మీరు ఎవరు అని అడగండి.

ఎనిమిది గంటలు నిద్రపోండి. సరే, నైట్ షిఫ్ట్ దిగి పగలు పడుకునేవాడి గదికి దోమతెర ఎవరు బిగించాలి? కాలానికి తగ్గ పళ్లూ కూరలూ తినండి. సరే, నెలకి ఇంత అని మెస్ డబ్బులు ముందే కట్టించుకునే పీజీలో ఏం వండాలో చెప్పే హక్కు తినేవాడికి ఉందా? పొద్దున్నే నడవండి. సరే, అమ్మాయిలు ఐదున్నరకి చీకట్లో నడవాలంటే దారిపొడవునా లైట్లు వెలగాలి కదా? జ్వరమొస్తే విశ్రాంతి తీసుకోండి. సరే, రోజుకూలీకి జ్వరం సెలవు ఎవరిస్తారు, పరీక్ష రాసేవాడికి ఇంకో తారీఖు ఎవరిస్తారు?

గదులు అద్దెకిచ్చే ప్రతివాడూ జూన్ నెలాఖరుకల్లా కూలర్లు దించి కడిగించాలి, సంపులకీ ట్యాంకులకీ మూతలు బిగించాలి, లేకపోతే జరిమానా. అడగాల్సింది ఇంత చిన్న మాట. ఇందులో విప్లవమేమీ లేదు, ఒక తనిఖీ, ఒక రసీదు పుస్తకం. ఇన్ని వేల మంది విద్యార్థులు అద్దెకుండే తార్నాకలో, హబ్సిగూడలో, నాచారంలో మనం ఒక్క వేసవి చివర కూడా ఈ మాట గట్టిగా అడగలేదు. సప్లిమెంట్ల మీద డిస్కౌంట్ కూపన్లు మాత్రం పంచుకున్నాం.

మేం చేసింది కూడా పెద్దదేమీ కాదు. రూమ్మేట్ ఆసుపత్రి నుంచి ఊరికి వెళ్లిపోయిన ఆదివారం, నలుగురం కలిసి కూలర్లు దించడం మొదలుపెట్టాం. మొదటిదాని ట్రేలో నీళ్లు కదిలిస్తే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగాయి. అప్పుడే ఓనర్ అంకుల్ మెట్లెక్కి వచ్చాడు. "ఎవర్నడిగి ముట్టుకున్నరు? నా కూలర్లవి."

"దోమలు పుడుతున్నయ్ అంకుల్, చూడండి."

ఆయన వంగి చూశాడు కూడా. చూసి, నిజంగానే అర్థం కానట్టు అన్నాడు: "మళ్ల ఎండాకాలం రాదా ఏంది? దించితె అప్పుడు పైకి ఎవడు ఎక్కిస్తడు?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి గంట పట్టింది. మార్చిలో మేమే ఎక్కిస్తామని నలుగురం మాటిస్తే ఒప్పుకున్నాడు. ఆరు కూలర్లు కడిగి టెర్రస్ మీద బోర్లించాం. చేతులు గీరుకుపోయాయి. పక్క బిల్డింగ్ మూడో అంతస్తులో ఇంకా నాలుగున్నాయి. వాటి ఓనర్ ఫోన్ ఎత్తడం లేదు.

రూమ్మేట్ అక్టోబర్‌లో రాయాల్సిన పరీక్ష రాయలేదు. ఎనిమిది కిలోలు తగ్గి దీపావళి తర్వాత తిరిగొచ్చాడు. పరుగు ఇంకా మొదలుపెట్టలేదు, యాప్ తీసేశాడు. వచ్చిన మర్నాడు పొద్దున కిటికీ తెరిచి, కూలర్ లేని ఖాళీ స్టాండ్ చూసి, ఎదురు బిల్డింగ్ వైపు చాలాసేపు చూశాడు.

"ఆ నాలుగు ఎవరివన్నా?" అని అడిగాడు.